ఆగగలిగిన వారిదే బేరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో ధరలు, వలసలు, గనులు, ఉద్యోగాల గురించిన ప్రశ్నలే ఎక్కువగా ఉన్నాయి. ఎవరి ఊరు వారిది, ఎవరి ఇబ్బంది వారిది అయినా, అన్నీ తిరిగి తిరిగి ప్రపంచ మార్కెట్టుతో మన పల్లెలకు పడిన లంకె దగ్గరికే చేరుతున్నందున ఈ సంచికలో వాటికే చోటిచ్చాం. ఉత్తరాలను కొంత కుదించాం. కొందరు పేర్లు వద్దన్నారు కాబట్టి అందరి పేర్లూ తీసేశాం.

ప్రశ్న: దేశంలో కటిక పేదరికం దాదాపు పోయిందని ఒక పత్రికలో చదివాను. బ్రిటిష్ వారి కాలంలో కూడా లేనంత అసమానత ఇప్పుడు ఉందని ఆ వారంలోనే మరో పత్రికలో చదివాను. ఉద్యోగ జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ లెక్క మాత్రం నాకు కుదరడం లేదు. రెండింట్లో ఏది అబద్ధం?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: రెండూ నిజమే, మాస్టారూ. కొలిచిన వస్తువులు వేరు. మొదటి వార్తకు ఆధారం ప్రపంచ బ్యాంకు అంచనా. మనిషికి రోజుకు 2.15 డాలర్లు కూడా ఖర్చు పెట్టలేని వారు (ఇక్కడ డాలరంటే మన దేశపు ధరలకు సరిచూసిన డాలరు) 2011-12లో జనాభాలో 16.2 శాతం ఉండగా, 2022-23 నాటికి 2.3 శాతానికి తగ్గారని ఆ సంస్థ చెప్పింది. 2025లో ఆ గీతను 3 డాలర్లకు పెంచి చూసినా తేలింది 5.3 శాతమే. రెండో వార్తకు ఆధారం 2024 మార్చిలో వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వెలువరించిన పత్రం. దేశంలో పై మెట్టు మీదున్న ఒక్క శాతం మంది చేతికి 1980ల మొదట్లో జాతీయ ఆదాయంలో సుమారు 6 శాతం వెళ్ళేదనీ, 2022-23 నాటికి అది 22.6 శాతానికి చేరిందనీ, ఆస్తుల్లో వారి వాటా 40.1 శాతమనీ అందులో ఉంది.

మొదటిది ఇంటింటికీ తిరిగి ఈ నెల బియ్యం ఎంత, నూనె ఎంత, బట్టలు ఎంత అని అడిగి రాసుకున్న ఖర్చుల లెక్క. కూలి చేసుకునే ఇంట్లో ఖర్చూ ఆదాయమూ దాదాపు ఒకటే కాబట్టి అక్కడ ఆ లెక్క బాగానే పనిచేస్తుంది. బాగా కలిగినవారి ఇంట్లో ఖర్చు ఆదాయంలో ఒక మూలకు కూడా రాదు, పైగా సర్వే చేసే కుర్రవాణ్ణి గేటు దగ్గర కాపలావాడు లోపలికి పోనిస్తాడన్న నమ్మకమూ లేదు. అందుకే రెండో లెక్క వేసినవారు ఆదాయపు పన్ను వివరాలనూ, జాతీయ ఆదాయ ఖాతాలనూ పట్టుకున్నారు. మన దేశంలో పన్ను కట్టేవారే తక్కువ గనుక ఆ అంచనాలోనూ ఊహకు చోటుందని విమర్శించిన ఆర్థికవేత్తలు ఉన్నారు. ఆ విమర్శలో కొంత న్యాయముంది. అయినా వాటా పెరిగిన దిశను కాదనడం కష్టం.

మీ తరగతి గది లెక్కే వేద్దాం. నెలకు 5,000 వచ్చే ఇంటికి 15,000 రావడం మొదలై, 5 లక్షలు వచ్చే ఇంటికి 50 లక్షలు రావడం మొదలైతే, పేద ఇల్లు నిజంగానే గట్టెక్కుతుంది, ఇద్దరి మధ్య తేడా మాత్రం 100 రెట్ల నుంచి 333 రెట్లకు పెరుగుతుంది. మన ఒడిశాలో జరిగిన మార్పు కూడా ఈ కోవలోనిదే. తిండి, చదువు, మరుగుదొడ్డి, వంటగ్యాసు వంటివన్నీ కలిపి చూసే నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీలో మన రాష్ట్రంలో పేదల వాటా 2015-16లో 29.34 శాతం ఉండి, 2019-21 నాటికి 15.68 శాతానికి దిగింది. అది చిన్న విషయం కాదు, దాన్ని తీసిపారేసే వారితో నేను ఏకీభవించను.

ఇక తేడా ఎందుకు పెరిగిందంటే, 1991 జులైలో రూపాయి విలువను తగ్గించి, లైసెన్సులు ఎత్తివేసి, సుంకాలు దించడం మొదలుపెట్టిన తరువాత పెట్టుబడికీ, సరుకుకూ, కొద్దిమంది నైపుణ్యానికీ దేశాల ఎల్లలు పలచబడ్డాయి. దేశంలో పనిచేసేవారిలో 46 శాతం మంది ఇప్పటికీ వ్యవసాయంలోనే ఉండగా, ఉత్పత్తి విలువలో ఆ రంగానికి దక్కేది 18 శాతం ప్రాంతంలోనే ఉంది. లండన్ ధర, వియత్నాం ధర, చైనా ధర అన్నీ మన ఊరికి వచ్చాయి. మంచి ధర వచ్చేదాకా ఆగే స్తోమతు మాత్రం కొందరికే ఉంది, వచ్చిన సొమ్ములో పెద్ద పాలు వారి వైపే పోతోంది. ఈ నెల వచ్చిన మిగతా ఉత్తరాలన్నీ నా దృష్టిలో ఈ మాటకు సాక్ష్యాలే.

ప్రశ్న: మాకు ఐదెకరాల జీడితోట ఉంది. పిక్కలు రాలే రోజుల్లోనే ధర పడిపోతుంది. పలాస వ్యాపారిని అడిగితే ఆఫ్రికా పిక్క దిగిందంటాడు, తేమ ఉందని బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తాడు. ఊళ్ళో సగం మంది పూత మీదే తోటలు అమ్ముకుంటున్నారు. కొట్లో జీడిపప్పు ధర మాత్రం దిగిన పాపాన పోలేదు. దిగుమతులు ఆపేస్తే మాలాంటి వారికి మేలు జరగదా?
— జీడిరైతు, కాశీనగర్, గజపతి జిల్లా

జవాబు: వ్యాపారి చెప్పిన మాటలో నిజముంది, అయితే సగమే చెప్పాడు. దేశంలోని జీడి పరిశ్రమలన్నీ ఏడాది పొడవునా నడవాలంటే మన తోటల్లో పండే పిక్క చాలదు. అందుకే ఐవరీ కోస్ట్, బెనిన్, ఘనా, టాంజానియా వంటి దేశాల నుంచి పచ్చిపిక్క ఓడల్లో వస్తుంది. వీటిలో ఐవరీ కోస్ట్ ప్రపంచంలోకెల్లా ఎక్కువ పిక్క పండించే దేశం. అక్కడి కోత ఫిబ్రవరిలో మొదలై మన కోతతో కలిసి నడుస్తుంది, కాబట్టి మీ తోటలో పిక్క రాలే వేళకు రేవు ధర కూడా దిగుతుంది. పలాస, కాశీబుగ్గ పరిశ్రమదారు ఆ రేవు ధరకు లారీ కిరాయి కలుపుకుని, అంతకు మించి మీకు ఇవ్వనవసరం లేదనుకుంటాడు. వంశధార ఒడ్డున పండిన పిక్కకు గినియా తీరంలోనే ధర కట్టేస్తున్నారన్న మాట.

అతను చెప్పని సగం సుంకాల సంగతి. 2018 బడ్జెట్‌లో పచ్చిపిక్క మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. మరుసటి ఏడాది, 2019 జూన్‌లో, జీడిపప్పు దిగుమతికి కనీస ధర పెంచి పెట్టారు. విరిగిన పలుకులైతే కిలో 680 రూపాయలు, విరగని గుండ్లయితే 720 రూపాయల కంటే తక్కువ ధరకు దేశంలోకి రానివ్వలేదు. జులై బడ్జెట్‌లో పప్పు మీద సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రైతు అమ్మే పిక్కకు తలుపు బార్లా తీశారు, పరిశ్రమదారు అమ్మే పప్పుకు గడియ పెట్టారు. అందుకే పిక్క ధర పడినా కొట్లో పప్పు ధర పడదు. ఇందులో కుట్ర వెతకాల్సిన పని లేదు. పరిశ్రమదారులకు సంఘాలున్నాయి, వినతిపత్రాలు రాసేవారున్నారు, ఢిల్లీ వెళ్ళి మంత్రిని కలిసేవారున్నారు. సరిహద్దుకు ఇటూ అటూ చీలిపోయి ఉన్న జీడిరైతుల తరఫున వెళ్ళేవారు దాదాపు లేరు.

అలాగని దిగుమతి పూర్తిగా ఆపమని నేను చెప్పను. పిక్క లేక పరిశ్రమ ఏడాదిలో సగం రోజులు మూతపడితే ముందు కూలి పోయేది అక్కడి ఆడవాళ్ళకు. ఉడికించిన పిక్కను కాలితో తొక్కే మరకత్తి కింద పెట్టి, డొక్క పగిలి పప్పు విరగకుండా బయటికి తీయడం చూడటానికి తేలికగా ఉంటుంది. డొక్కలోని జీడినూనె చర్మాన్ని కాల్చేస్తుంది కనుక బూడిదో నూనో పూసుకుని కూర్చున్నా, కొన్నేళ్ళు ఆ పని చేసిన చేతి వేళ్ళకు నల్లమచ్చలు వదలవు. కూలి కిలోల లెక్కన, గుండు విరిగితే ధర తగ్గుతుంది కనుక మాట పడేదీ వారే. ఈ పనిని వియత్నాం యంత్రాలకు అప్పగించి, 2000ల మధ్యకల్లా పప్పు ఎగుమతిలో మనల్ని దాటిపోయింది. మన పరిశ్రమలు ఇప్పుడు ఎక్కువగా దేశంలోని తిండి మీద, అంటే పెళ్ళిళ్ళ మీద, మిఠాయిల మీద బతుకుతున్నాయి. పలాసలోనూ యంత్రాలు వచ్చాయి. అంచేత కోత కత్తి దగ్గర కూర్చున్నవారి బేరం మీ బేరం కన్నా బలహీనం.

మరి మీ చేతిలో ఏముంది? మొదట, మీరు అమ్మేదీ పరిశ్రమదారు కొనేదీ ఒకటి కాదని గుర్తించండి. మీరు 80 కిలోల బస్తా అమ్ముతున్నారు. ఆయన ఆ బస్తాలో ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో చూసి కొంటున్నాడు. ప్రపంచమంతటా పచ్చిపిక్క బేరం ఈ లెక్క మీదే సాగుతుంది. బస్తాకు 48 పౌన్లు, అంటే దాదాపు 22 కిలోలు దిగే పిక్కకూ, 42 పౌన్లు దిగే పిక్కకూ ఒకే ధర ఇస్తే నష్టపోయేది మంచి తోట ఉన్న రైతే. ఒక కిలో పిక్క తీసి, కోయించి, మంచి పప్పు ఎంత, పుచ్చు ఎంత అని తూచి రాసుకోండి. ఆ కాగితంతో బేరానికి కూర్చుంటే తేమ తరుగు మీద వాదన కూడా మారుతుంది. గింజ పెద్దదైతే ఇంకా మేలు, ఎందుకంటే పౌనుకు 180 గింజల లోపు తూగే గుండుకూ 320 గింజలు తూగే గుండుకూ మార్కెట్లో ధర వేరు.

రెండోది ఆగడం. బాగా ఎండి, తేమ 9 శాతం లోపుకు దిగిన పిక్క గాలి ఆడే గోదాములో నెలల తరబడి చెడదు. మిరపకాయకో టమాటాకో లేని వరం ఇది. కానీ పిల్లవాడి ఫీజుకో, పెళ్ళి బాకీకో పూత మీదే డబ్బు తీసుకున్న రైతుకు ఆ వరం అక్కరకు రాదు. టాంజానియాలో 2007 నుంచి రైతులు పిక్కను సహకార సంఘం గోదాములో పెట్టి రసీదు తీసుకోవడం, తరువాత వేలంలో అమ్మడం అలవాటు చేసుకున్నారు. 2018లో వేలం ధర మరీ పడిపోయినప్పుడు అక్కడి ప్రభుత్వం సైన్యాన్ని దించి పంటంతా తానే కొంటానని ప్రకటించింది, చెల్లింపులు ఆలస్యమై రైతులు మళ్ళీ తిట్టుకున్నారు. కాబట్టి అదేమీ స్వర్గం కాదు. ఐవరీ కోస్ట్ ప్రభుత్వం ఏటా కోతకు ముందే తోట దగ్గరి కనీస ధర ప్రకటిస్తుంది. మన కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో జీడి లేదు. అయితే గోదాము రసీదు మీద అప్పు పుట్టించే చట్టం మనకూ 2007లోనే వచ్చింది, 2017 నుంచి ఆ రసీదు ఎలక్ట్రానిక్ రూపంలోనూ దొరుకుతోంది. గుర్తింపు పొందిన గోదాము మీకు దగ్గరలో లేకపోవడమే అసలు లోపం. కాశీనగర్, పర్లాకిమిడి, గుమ్మ ప్రాంతాల జీడిరైతులు ఒక ఉత్పత్తిదారుల సంఘంగా ఏర్పడి మొదట అడగవలసింది ఆ గోదాము. మద్దతు ధర డిమాండు తరువాత చేయవచ్చు. పూత మీద అమ్మకం తగ్గితే, మిగతా బేరం మీరే చూసుకోగలరు.

ప్రశ్న: మా ఇంట్లో తరతరాలుగా పట్టు నేస్తున్నాం. మేం నేసే కుంభం అంచు నమూనానే మరమగ్గం మీద దించి మూడో వంతు ధరకు అమ్ముతున్నారు. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గదా, వీటిని ఎందుకు ఆపలేకపోతున్నారు?
— నేత కార్మికుడు, బరంపురం

జవాబు: భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది. మరమగ్గం చీరను బరంపురం పట్టు అని పిలిచి అమ్మితే మీరు కేసు పెట్టవచ్చు, పేరు చెప్పకుండా అంచు మాత్రం దించుకుంటే ఆ చట్టం కింద చేయగలిగింది తక్కువ. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాన్ని అనుసరించి మనం 1999లో చేసుకున్న చట్టమిది. ఫ్రాన్సు ద్రాక్షసారాయి వర్తకుల బేరానికి కుదిరినంతగా మన నేతగాళ్ళకు కుదరలేదు, ఎందుకంటే నకిలీని పట్టుకుని కోర్టుకు వెళ్ళే ఖర్చు సంఘమే భరించాలి. ఆ గుర్తింపు పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా మీ పేరు విడిగా నమోదైందో లేదో ముందు చూసుకోండి, చాలామందికి అది ఉండదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల చీరలతో సహా 11 రకాలను చేనేతకే కేటాయించింది. అంచు ఉన్న చీర విషయంలో మీకు పనికొచ్చేది నిజానికి ఆ పాత చట్టమే.

ప్రశ్న: మా ఆయన పన్నెండేళ్ళుగా సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తున్నారు. అక్కడి చీరలే మా ఊరి కొట్టుకూ వస్తాయి. మిల్లు యజమానులు మేడ మీద మేడ కట్టారట. మీటరుకు ఇచ్చే కూలి మాత్రం పైసల్లోనే పెరుగుతోంది. అంత వ్యాపారం జరుగుతుంటే కూలి ఎందుకు పెరగదు? ఇక్కడే ఉండి బతికే దారి లేదా?
— గృహిణి, చికిటి, గంజాం జిల్లా

జవాబు: అమ్మా, మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు పూరీ నుంచి బరంపురం మీదుగా అహ్మదాబాద్ వెళ్ళే రైలులో ఉంది. గంజాం జిల్లా నుంచి లక్షల మంది సూరత్ చేరారు. ఒకరు మగ్గం వదిలితే ఆ మగ్గం దగ్గరికి ఇంకొకరిని తీసుకురావడానికి అదే జిల్లా, చాలాసార్లు అదే ఊరు, సిద్ధంగా ఉంటుంది. పన్నెండు గంటల షిఫ్టు, పగటివారు లేచిన చాపల మీదే రాత్రివారు నిద్రపోయే మెస్సులు, పక్కవాడి మాట వినపడని మగ్గాల మోత మీ ఆయన మీకు చెప్పే ఉంటారు. పని ఉంటేనే మీటరు, మీటరుంటేనే కూలి. గిరాకీ తగ్గినప్పుడు నష్టం కార్మికుడి మీదికి జరుగుతుంది, గిరాకీ పెరిగినప్పుడు లాభం పైకి జరుగుతుంది.

సూరత్ నేసేది ఎక్కువగా పాలిస్టర్. దానికి పోటీ చైనా బట్ట. ఆ పోటీని తట్టుకోవడానికి యజమానులు పాత మరమగ్గాల చోట వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు దించారు. వాటి మీద ఒక మనిషి ఎక్కువ మగ్గాలు చూస్తాడు, మీటర్లు పెరుగుతాయి, మీటరు రేటు తగ్గుతుంది. చేతికొచ్చే మొత్తం కొంచెం పెరగవచ్చు, కానీ పెరిగిన ఉత్పత్తిలో అతని పాలు తగ్గుతుంది. యజమాని నెల రోజులు మగ్గం ఆపుకోగలడు. మీ ఇంటికి ఒక నెల డబ్బు రాకపోతే బియ్యం కొట్టు ఖాతా ఆగిపోతుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన తరువాత ఇది అందరికీ కళ్ళకు కట్టింది. ఆ వేసవిలో తిరిగి వచ్చిన వారిలో చాలామంది మళ్ళీ అదే మెస్సుకు, అదే మగ్గానికి వెళ్ళారు. ఊళ్ళో పని లేదు, అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సూరత్ డబ్బు లేకపోతే గంజాంలో సగం పక్కా ఇళ్ళు లేచేవి కావు, ఆడపిల్లలు పదో తరగతి దాటేవారు కారు. అందువల్ల వలసను శాపమని తిట్టేసి ఊరుకోవడం మీ ఇంటి అనుభవానికి అన్యాయం చేయడమే అవుతుంది. చేయవలసింది వెళ్ళేవారి బేరాన్ని బలపరచడం.

ఒడిశా నుంచి పోయే దాదన్ కూలీల కోసం, అంటే ముందే బయానా తీసుకుని ముఠాదారు వెంట వెళ్ళే వలస కూలీల కోసం, మన రాష్ట్రం 1975లోనే చట్టం చేసింది, ఆ బాటలోనే కేంద్రం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. ఇప్పుడది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో కలిసిపోయింది. ముఠాదారు ద్వారా కాక సొంతంగా వెళ్ళిన కార్మికుడినీ కొత్త స్మృతి వలస కార్మికుడిగానే గుర్తిస్తుంది, ఊరికి వచ్చిపోయే దారి ఖర్చు యజమాని ఇవ్వాలంటుంది. అయితే పది మంది వలస కార్మికులైనా ఉన్న సంస్థకే అది వర్తిస్తుంది. ఒక షెడ్డునే నాలుగు చిన్న యూనిట్లుగా కాగితం మీద చీల్చి చూపే అలవాటు ఉన్న చోట ఆ అంకె దగ్గరే పేచీ వస్తుంది. మీ ఆయన పేరు అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం నడిపే నమోదు పట్టిక ఈ-శ్రమ్‌లో ఉందో లేదో చూడండి. రేషను కార్డు మీద ఆయన వాటా బియ్యాన్ని సూరత్‌లోనూ, మీ వాటాను చికిటిలోనూ తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషను ఏర్పాటులో 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలూ చేరాయి. ఒక నెల కూలి ఆగినా అక్కడి పొయ్యి వెలిగితే, తక్కువ రేటుకు వెంటనే ఒప్పుకోవలసిన అవసరం ఆ మేరకు తగ్గుతుంది.

ఇక్కడే ఉండి బతికే దారి గురించి అడిగారు. చికిటి నుంచి సరిహద్దు దాటితే శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం, ఇటు గోపాల్‌పూర్ రేవు. ఈ రెండింటి చుట్టూ పరిశ్రమ వస్తుందని చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. వచ్చిన మేరకు పని దొరుకుతోంది, సూరత్‌లో మగ్గాల సంఖ్యకు అది ఇంకా సరితూగదు. దీనికి మించి ఆశ చూపడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: రాయగడలో కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా జిల్లా కొండల నిండా బాక్సైట్ ఉందంటారు. ఫ్యాక్టరీలు వచ్చాయి, లారీలు తిరుగుతున్నాయి, కొండ కింది ఊళ్ళు మాత్రం నా చిన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఖనిజం మీద కూర్చుని పేదవాళ్ళుగా ఉండటం ఏమిటి?
— వ్యాపారి, రాయగడ

జవాబు: ఖనిజం మీద కూర్చున్నంత మాత్రాన ఎవరూ ధనవంతులు కారు. నాలుగు నుంచి ఆరు టన్నుల బాక్సైట్ తవ్వితే రెండు టన్నుల అల్యూమినా, దాని నుంచి ఒక టన్ను అల్యూమినియం వస్తాయి. విలువ పెరిగేది పై మెట్ల మీద. మన కొండల దగ్గర జరిగేది మొదటి రెండు మెట్లే. దామన్‌జోడిలో శుద్ధి చేసిన అల్యూమినా అనుగుళ్ కొలిమికి వెళుతుంది, మిగిలినది విశాఖ రేవు నుంచి విదేశాలకు వెళుతుంది. శుద్ధి కర్మాగారం వేల కోట్ల పెట్టుబడితో, అతి తక్కువ మందితో నడిచే యంత్రం. అందులో స్థిరమైన ఉద్యోగాలకు కావలసిన చదువు కొండ కింది ఊళ్ళలో లేదు, వారికి దొరికేది తోటపని, ఊడ్చే పని, లారీ దించే పని. ప్రపంచ మార్కెట్టు ఈ ప్రాంతానికి 1991లో వచ్చిందని అనుకోవద్దు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేసిన కొత్తవలస-కిరండుల్ రైలుమార్గం కొరాపుట్, జయపురం మీదుగానే పోతుంది. దానివల్ల ఆ పట్నాలు పెరిగాయి, పట్టాల పక్క పల్లెలు పెద్దగా మారలేదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. అల్యూమినియం తయారీకి పోయే బాక్సైట్ మీద ప్రభుత్వానికి చెల్లించే రాయల్టీని, ఖనిజంలో ఉన్న లోహానికి లండన్ మెటల్ ఎక్స్ఛేంజి ధర కట్టి, అందులో 0.60 శాతంగా లెక్కిస్తారు. 2015లో చట్టం సవరించాక ఆ రాయల్టీకి అదనంగా, పాత లీజులైతే దానిలో 30 శాతం, వేలంలో పొందిన కొత్త లీజులైతే 10 శాతం, జిల్లా ఖనిజ నిధికి జమ చేయాలి. లండన్‌లో ధర పడితే రాయగడ జిల్లాలో బోరుబావికి డబ్బు తగ్గుతుందన్న మాట. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆ నిధి పనుల జాబితాకు గ్రామసభ ఆమోదం కావాలి. మీ వార్డులోనో, మీ సరుకు పోయే పల్లెలోనో ఆ జాబితా ఎవరైనా చదివి వినిపించారా అని అడిగి చూడండి.

మీ జిల్లాలోనే బేరానికి తలవంచని ఒక సందర్భం ఉంది. నియమగిరి మీద గని తవ్వవచ్చా లేదా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు ఊళ్ళు సభ పెట్టుకుని, పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండ మీది డొంగ్రియా కోందులు అలా అనగలగడానికి చట్టం ఒక కారణం. అనాస, పసుపు, చిరుధాన్యాలు అమ్ముకుని ఆ కొండ మీదే బతకగలగడం అంతకన్నా పెద్ద కారణం. కాశీపూర్ ప్రాంతంలో 2000 డిసెంబరు 16న మైకంచ్ దగ్గర బాక్సైట్ ప్రాజెక్టును వ్యతిరేకించినవారి మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయిన నాటికి ఇలాంటి తీర్పు లేదు. అయితే కథ అక్కడితో అయిపోలేదు. కొండ దక్కింది గానీ, ఆ కొండ కిందే ఉన్న వేదాంత కంపెనీ లాంజీగఢ్ అల్యూమినా కర్మాగారం ఆగలేదు. గినియా వంటి దేశాల నుంచి, ఇతర చోట్ల నుంచి ఖనిజం తెప్పించుకుని నడిచింది. ప్రపంచ మార్కెట్టు కంపెనీకి ఇచ్చే అసలు బలం ఇదే, ఒక ఊరు కాదంటే ఇంకో ఖండానికి పోగలదు. కాబట్టి గ్రామసభకు కాదనే హక్కు ఒక్కటే ఉంటే చాలదు. ఒప్పుకునే చోట ఏ షరతుల మీద, ఎంత వాటాకు అని అడిగే హక్కు కూడా ఉండాలి. అది ఇప్పటి చట్టాల్లో లేదు.

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు అన్నీ ఇంగ్లీషు. మా లెక్చరర్ ఒకరు ప్రపంచీకరణ తలుపులు మూసేయాలంటారు. మా అన్నయ్య, తలుపు మూసే లోపు అవతలికి దూకెయ్, హైదరాబాద్ రా అంటాడు. ఎవరి మాట వినాలి?
— విద్యార్థిని, గుణుపురం

జవాబు: తలుపులు దాదాపు మూసి ఉన్న కాలం మనకు కొత్త కాదు. అప్పట్లో పై ఒక్క శాతం వాటా తక్కువగా ఉన్నమాట నిజమే. కానీ 1973-74లో ప్రణాళికా సంఘం లెక్క ప్రకారం ఒడిశా జనాభాలో 66 శాతం మంది పేదరికపు గీతకు దిగువనే ఉన్నారు. పంచుకోవడానికే ఏమీ లేని చోట సమానత్వం వస్తే దానితో ఎవరి కడుపూ నిండదు. మరోవైపు, కొరియా వంటి దేశాలు తలుపులు తెరిచీ అసమానతను అదుపులో పెట్టుకున్నాయి, ఎందుకంటే తెరవడానికి ముందే భూమి పంచి, పిల్లలందరినీ బడిలో కూర్చోబెట్టాయి. మనం ఆ రెండు పనులూ సగంలో వదిలి తలుపు తీశాం.

మీ అన్నయ్య మాట మీ ఒక్కరి విషయంలో సరైనదే కావచ్చు, గుణుపురం మొత్తానికి మాత్రం చాలదు. దేశానికి పెద్ద ఎత్తున డాలర్లు తెచ్చిపెట్టే ఐటీ రంగంలో పనిచేసేవారు అరవై లక్షల లోపే. యాభై కోట్లు దాటిన శ్రామికుల్లో వారు ఎంత? ఆ రంగంలో సంపాదించిన దానిలోనూ, మీ జిల్లా కొండల నుంచి పోయిన దానిలోనూ కొంత తిరిగి బడికీ ఆసుపత్రికీ చేరాలంటే పన్నుల ద్వారానే చేరాలి. మనం వారసత్వపు ఆస్తి మీది ఎస్టేట్ సుంకాన్ని 1985లో ఎత్తేశాం, సంపద పన్నును 2015 బడ్జెట్‌లో రద్దు చేశాం, 2019లో కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించాం. ఇవేవీ ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాల్లో రాసి లేవు, ఇక్కడ తీసుకున్న నిర్ణయాలే. మీ లెక్చరర్ గారితో తలుపుల గురించి వాదించేటప్పుడు ఈ మూడు సంవత్సరాలూ ఆయన ముందు పెట్టండి.

మీ సంగతికొస్తే, డిగ్రీ పూర్తి చేయకుండా హైదరాబాద్ బయలుదేరవద్దు. మధ్యలో మానేసి వెళ్ళినవారికి అక్కడ దొరికేది కాల్ సెంటర్‌లో రాత్రి షిఫ్టో, సరుకు డెలివరీ గోదామో, జీతం అద్దెకే సరిపోతుంది. మూడు భాషలు వచ్చిన మనిషికి బ్యాంకుల్లో, సరిహద్దు జిల్లాల ప్రభుత్వ కొలువుల్లో, ఆసుపత్రుల్లో అవసరం ఎక్కువ. ఒడియా చదవడం రాయడం వచ్చిన తెలుగువారు తక్కువగా ఉన్నందున ఆ పరీక్షల్లో మీకు పోటీ కొంత తక్కువగానే ఉంటుంది. వాటికి చదువుకునే ఏడాదో రెండేళ్ళో ఇంట్లో మిమ్మల్ని సంపాదించమని తొందరపెట్టకుండా ఉండగలరా అన్నది మీ అన్నయ్యతో కూర్చుని మాట్లాడుకోండి. ఆయన నెలకు కొంత పంపగలిగితే ఇప్పుడు అడగవలసిన సాయం అదే.